షాంపేను సీమ చిన్నరైతులు

ఫ్రాన్సు దేశపు ఈశాన్యభాగమున, పారిసు నగరమునకు సుమారు 140 కిలోమీటర్ల దూరమున, షాంపేను అను సీమ యొకటి కలదు. అచ్చటి ద్రాక్షపండ్లతో చేయబడు నురుగు పానీయమునకును ఆ సీమ పేరే వచ్చినది. సీసా మూత తీయగనే చప్పుడుతో పొంగు ఆ పానీయము రాజుల విందులకును, గెలిచినవారి సంబరములకును గుర్తుగా లోకమెల్ల ఎఱిగినదే. కాని ఆ పండ్లను పండించినవాడెవడు, సీసాపై అచ్చువేయబడిన పేరెవరిది అని అడిగినవారు తక్కువ. నేడు నేను మీకు విన్నవింపబోవునది ఆ ప్రశ్నయొక్క చరిత్ర.

మద్యపానమును మెచ్చుకొనుటకు నేను పూనుకొనలేదు. త్రాగుడు ఎన్ని సంసారములను కూల్చినదో పల్లెపట్టుల పెద్దలైన మీరు నాకంటె బాగుగ ఎఱుగుదురు. ఈ వ్యాపారమున ఆరితేరిన పరీక్షకులు సయితము పానీయమును నోటనిడుకొని, నాలుకపై త్రిప్పి, రుచి గ్రహించి, దగ్గరనున్న పాత్రలో ఉమ్మివేయుదురే గాని మ్రింగరు. రుచిచూచుట వేరు, త్రాగుట వేరు. పొలముగట్టున నిలిచి గింజ కొఱికి వడ్ల నాణ్యము చెప్పు రైతు చేయు పని యెట్టిదో, ఇదియు నట్టిదే.

ఆ సీమలో ద్రాక్షతోటలు నేడు సుమారు 34,000 హెక్టారులు, అనగా దాదాపు 84,000 ఎకరములు గలవు. వానిని సాగుచేయు కుటుంబములు ఇంచుమించు 16,000. సగటున ఒక్కొక్క కుటుంబమునకు ఐదెకరములకు మించి రాదు. 1804వ సంవత్సరపు ఫ్రెంచి ధర్మశాస్త్రము తండ్రి ఆస్తిని బిడ్డలెల్లరకు సమముగ పంచవలెనని విధించుటచేత, ఒక్కొక్క తరమునకు మడులు చిన్నవగుచు వచ్చినవి. భాగపంపకముల బాధ మనకు క్రొత్తది కాదు గదా. ఆ తోటలలో పదింట తొమ్మిది వంతులు రైతులవే. అయినను అమ్ముడగు సీసాలలో నూటికి డెబ్బదికి పైగా పెద్ద వర్తకశాలల పేర్లతో పోవుచున్నవి. భూమి యొకరిది, పేరింకొకరిది. ఈ వింత యెట్లు కలిగెనో తెలియవలెనన్న ముందుగా ఆ బుడగల సంగతి తెలియవలెను.

తాటికల్లు దింపిన కొంతసేపటికి ముంతలో నురుగు లేచుట మీరెఱిగినదే. కంటికి కనబడని సూక్ష్మజీవులు రసములోని తీపిని తిని, సారాయమును బొగ్గుపులుసు వాయువును పుట్టించును. ముంత మూతి తెఱచియుండుటచేత ఆ వాయువు గాలిలో కలిసిపోవును. షాంపేను సీమలో రసము నిట్లే ఒకమారు పులియనిచ్చి, తేరిన పిదప సీసాలలో నింపి, కొంచెము చక్కెరయు పులిపించు మడ్డియు చేర్చి, గట్టిగ మూత బిగింతురు. సీసాలోపల రెండవమారు పులుపు పుట్టును. ఈసారి వాయువునకు పోవు దారి లేదు. అది పానీయములోనే అణగియుండి, మూత తీసిన క్షణమున బుడగలై లేచును. సీసాలో నుండు ఒత్తిడి మోటారుబండి చక్రములోని గాలి ఒత్తిడికి రెండు మూడింతలు.

ఈ బుడగలను ఓవిలే మఠమునందలి పియేర్ పెరిన్యోన్ అను క్రైస్తవ సన్యాసి కనిపెట్టెనని లోకమున కథ ప్రచారములో నున్నది. చరిత్ర దానికి సమ్మతింపదు. ఆయన 1668 మొదలు 1715లో మరణించువరకు ఆ మఠపు భాండాగారమును చూచుచుండెను. వేర్వేరు తోటల పండ్లను ఏఱి, తగుపాళ్లలో కలుపుటయందు ఆయన దిట్ట. బుడగలన్నచో ఆయన కాలమున దోషమే. వానిని తొలగించుటకే ఆయన పాటుపడెను. మఱియు 1662లోనే ఇంగ్లండులో క్రిస్టఫర్ మెరెట్ అను వైద్యుడు, పీపాలలోని ద్రాక్షరసమునకు చక్కెర చేర్చి నురుగు పుట్టించు వాడుక వర్తకులలో నున్నదని రాయల్ సొసైటీవారికి వ్రాసియుండెను. బొగ్గుతో కాల్చిన గట్టి గాజుసీసాలు అప్పటికి ఇంగ్లండులోనే దొరకుచుండెను.

1728లో పదునైదవ లూయీ రాజు ఈ రసమును సీసాలలో నుంచి దేశాంతరములకు పంపుటకు అనుమతి నిచ్చెను. మఱుసటి సంవత్సరము మొదలు రాంస్, ఎపెర్నే పట్టణములలో వర్తకశాలలు వెలసినవి. సీసాలోపల మడ్డి మిగులుట పెద్ద చిక్కుగా నుండెను. 1805లో భర్తను కోల్పోయి, ఇరువదియేడేండ్ల ప్రాయమున వ్యాపారభారమును తలకెత్తుకొనిన క్లికో అను వితంతువు ఆ చిక్కును విప్పించినది. ఆమె శాలలో 1816 ప్రాంతమున రంధ్రములుగల బల్లలయందు సీసాలను తలక్రిందులుగ నిలిపి, ప్రతిదినము కొంచెముకొంచెముగ త్రిప్పుచు, మడ్డిని మూతివద్దకు దించు పద్ధతి ఏర్పడెను. 1836లో షాలోన్ పట్టణపు ఔషధవర్తకుడు ఫ్రాన్స్వా ఎంత చక్కెర వేసిన ఎంత ఒత్తిడి పుట్టునో లెక్క తేల్చెను. అంతకుపూర్వము లెక్క తెలియక సీసాలు పగులుచుండెను. చెడ్డ సంవత్సరములలో సగమునకు పైగా పగులుటయు కలదు. భూగృహములలో పనిచేయువారు ముఖమునకు ఇనుప తొడుగులు వేసికొని తిరుగవలసివచ్చెను.

ఇప్పుడు చిన్నరైతు స్థితిని ఊహింపుడు. సీసాలు కొనవలెను, పగిలినవానిని నష్టపడవలెను, సున్నపురాతిలో తొలిచిన చల్లని భూగృహములు కావలెను, రెండు మూడేండ్లు పెట్టుబడి కదలక నిలిచియుండవలెను. ఐదెకరముల వానికి ఇది శక్యమా? కావున అతడు పండ్లను తూకమువేసి వర్తకునకు అమ్ముకొనెను. వర్తకుడు పలు గ్రామముల రసములను కలిపి, తన పేరుగల చీటీ అంటించి, లోకమెల్ల అమ్మెను. కోతకాలమున పండు రెండు దినములు కూడ నిలువదు. వర్తకుని దళారి చెప్పిన ధరకు ఇచ్చుటయో, లేక కుళ్లబెట్టుకొనుటయో! పంట చేతికివచ్చిన దినముననే రైతు మిక్కిలి దుర్బలుడగుట అన్ని దేశములలోను ఒక్కటియే.

పందొమ్మిదవ శతాబ్దపు చివర మఱియొక ఉపద్రవము వచ్చిపడెను. అమెరికానుండి వచ్చిన ఫిల్లోక్సెరా అను వేరుపురుగు 1860 తరువాత దక్షిణపు తోటలను నాశనము చేసి, 1890 తరువాత షాంపేను సీమను చొచ్చెను. తీగలను పెల్లగించి, అమెరికా తీగల వేళ్లపై అంట్లు కట్టి మరల నాటవలసి వచ్చెను. దానిపై వానలు, తెగుళ్లు. 1907 మొదలు పంటలు వరుసగ చెడినవి. 1910లో కోతకు పండ్లే లేకపోయెను. ఇంత కరవులోను కొందఱు వర్తకుల అమ్మకములు తగ్గలేదు. కారణమేమి? లువార్ నదీతీరమునుండియు, దక్షిణదేశమునుండియు చవుక రసము రైలుబండ్లపై దిగుచుండెను. దానికి బుడగలు పుట్టించి షాంపేను అని పేరుపెట్టుచుండిరి. రైతు అప్పులపాలగుచుండగా, అతని ఊరి పేరు మాత్రము లాభమున కమ్ముడుపోవుచుండెను.

రైతుల మొఱలు విని ప్రభుత్వమువారు 1908 డిసెంబరులో ఒక సరిహద్దు గీచిరి. మార్న్ మండలమును, ఏన్ మండలమున కొంతభాగమును షాంపేనుగా అంగీకరించి, దక్షిణముననున్న ఓబ్ మండలమును వెలివేసిరి. ఓబ్ రైతులు కుపితులైరి. వారి ముఖ్యపట్టణమగు త్రువా, పూర్వము షాంపేను ప్రభువుల రాజధాని. రాజధానియే షాంపేను కాదన్న మఱేది షాంపేనని వారు ప్రశ్నించిరి. ఇట్లు ఒక గీత ఒకే కష్టము ననుభవించు రైతులను రెండు పక్షములుగ చీల్చెను.

1911 జనవరిలో మార్న్ రైతులు దమెరీ మొదలగు గ్రామములలో కల్తీ వర్తకుల భాండాగారములపై బడి, పరదేశపు రసమును నేలపాలు చేసిరి. ఓబ్ మండలమున పన్నులు చెల్లించుట మానిరి, పురపాలకసభలు రాజీనామాలిచ్చెను, ఏప్రిలు 9వ తేదీన త్రువా వీథులలో వేలకొలది రైతులు తోటపని పలుగులు భుజములపై నిడుకొని ఊరేగిరి. రెండు దినములు గడువగనే, ఏప్రిలు 11న, సెనేటుసభ సరిహద్దులనే ఎత్తివేయవలెనని తీర్మానించెను. ఈ వార్త మార్న్ పల్లెలకు చేరిన రాత్రియే తప్పెటలు మ్రోగెను. మఱునాడు ఆయీ గ్రామమున ఇండ్లు తగులబడినవి, భాండాగారములు కొల్లగొట్టబడినవి, రసము వీథుల వెంట ప్రవహించెను. ప్రభుత్వము సైన్యమును దింపి అణచెను. ఆ సంవత్సరము జూన్ నెలలో ఓబ్ మండలమునకు “రెండవ వలయపు షాంపేను” అను బిరుదు నిచ్చిరి. కన్నబిడ్డను సవతిబిడ్డగా అంగీకరించినట్లున్న ఆ బిరుదుతో వారు తృప్తినొందలేదు.

తగవు తీరకముందే 1914లో మహాసంగ్రామము వచ్చెను. ఆ సెప్టెంబరులో మార్న్ నదీతీరమున జర్మనుల దండయాత్ర ఆగిపోయెను. యుద్ధరంగము తోటలగుండ సాగుచుండగనే స్త్రీలు, వృద్ధులు, బాలురు పండ్లు కోసిరి. ఫిరంగిగుండ్లకు జడిసిన రాంస్ పౌరులు భూగృహములలో దాగిరి. పిల్లలకు అచ్చటనే బడులు పెట్టిరి. యుద్ధానంతరము 1919లో ఊరిపేర్లను గూర్చిన తగవులను న్యాయస్థానములకు అప్పగించు శాసనము వచ్చెను. తుదకు 1927 జూలై 22వ తేదీ శాసనము ఏ ఊళ్లు, ఏ తీగలు షాంపేనుకు తగినవో నిర్ణయించి, ఓబ్ మండలమును సమానహోదాతో చేర్చుకొనెను. రైతులు పదునారేండ్లకు ముందు వీథులలో అడిగినది అప్పటికి పుస్తకమున కెక్కెను.

అయినను పేరు రక్షింపబడినంతమాత్రమున బేరమాడు బలము రాదు. రష్యాలో 1917 విప్లవముచేతను, అమెరికాలో 1920 మొదలు 1933 వరకు నడిచిన మద్యనిషేధముచేతను పెద్ద బజారులు మూతబడినవి. తరువాత లోకమంతట ఆర్థికమాంద్యము వచ్చెను. వర్తకులు పండ్లు కొనుట తగ్గించిరి. అమ్ముడుపోని పండ్లను ఏమి చేయుదురు? కొందఱు రైతులు తమ రసమును తామే సీసాకెత్తి తమ ఇంటిపేరు పెట్టుకొనిరి. ఒంటరిగా చేయలేనివారు సహకారసంఘములుగ కూడి, ఒకే గానుగను, ఒకే భూగృహమును పంచుకొనిరి. ఇట్లు ఇక్కట్టులోనుండి స్వతంత్రత పుట్టెను. 1941లో జర్మనుల ఆక్రమణ క్రింద నున్నపుడు రైతుల పక్షమున మొరీస్ దొయార్‌యు, వర్తకుల పక్షమున రొబేర్-జాన్ ద వోగ్వేయు పూనుకొనగా, ఉభయులకు సమానస్థానముగల సంయుక్తసంఘ మేర్పడెను. ఒకప్పుడు ఇండ్లు తగులబెట్టుకొనిన పక్షములు ఒకే బల్లకడ కూర్చుండెను. ఆ సంఘము నేటికిని పనిచేయుచున్నది.

ఇక రుచి మాట చెప్పుదును. చరిత్రకు కాగితములే సాక్ష్యములు కావు. నాలుకయు ఒక సాక్షియే. పెద్ద వర్తకశాల అనేక గ్రామముల రసములను, పాత సంవత్సరముల నిలువలను కలిపి, ఏటేట ఒకే రుచి వచ్చునట్లు చేయును. అందును గొప్ప నేర్పు కలదు. దానిని తక్కువచేసి మాటాడుట న్యాయము కాదు. వాన ఎక్కువైన ఏడైనను, ఎండ మెండైన ఏడైనను కొనువానికి తెలియనీయక పోవుటయే ఆ నేర్పు. చిన్నరైతు సీసాలో ఆ దాపరికమునకు వీలు తక్కువ. రెండు మూడు గ్రామముల పండ్లే, ఒక్కొక్కప్పుడు ఒక్క తోట పండ్లే అందు ఉండును. కావున నేలయు, ఆ ఏటి వాతావరణమును, చేసినవాని పొరపాటును కూడ గాజుపాత్రలో బయటపడును.

నేను రుచిచూచినంతలో గమనించిన భేదము లివి. ఆవీజ్, క్రామాన్, మెనీల్ గ్రామముల తెల్లసున్నపు నేలపై పండిన షార్దొనే తెల్లద్రాక్ష రసము నిమ్మపండువలె చుఱుకుగా నుండి, నాలుక చివర సున్నపుపొడి తగిలినట్లుండును. ఆంబొనే, బూజీ, ఆయీ గ్రామముల పీనో నువార్ నల్లద్రాక్ష రసము నిండుగా, బరువుగా నుండును. పండు నల్లనిదైనను తొక్కను తగులనీయక మెల్లగ పిండుటచేత రసము తెల్లగనే దిగును. మార్న్ నదిలోయలోని మునియే ద్రాక్ష రసము మెత్తగా, పండిన ఆపిలు వాసనతో త్వరగా పక్వమునకు వచ్చును. వెలివేతకు గురియైన ఓబ్ మండలపు నేల సున్నము కలిసిన బంకమన్ను. అచ్చటి పీనో నువార్ రసమునందు పండురుచి ముందు నడచును. ఇది మొదటిదానికంటె వేఱు రుచియే గాని రెండవ తరగతి రుచి యని నా నాలుకకు తోచలేదు.

మడ్డితో కూడ మూడునాలుగేండ్లు భూగృహమున నిదురించిన సీసా తెఱచినపుడు అప్పుడే కాల్చిన రొట్టె వాసన వచ్చును. తక్కువకాలముంచి అమ్మినదానికి ఆ వాసన రాదు. పదునైదు నెలలకు ముందు అమ్మరాదని శాసనమే యున్నది. ఓపిక గలవాడు అంతకంటె చాలకాలము నిలుపును. ఇంకొక సంగతి: మడ్డి తీసివేసిన పిమ్మట మూత వేయుటకు ముందు కొంచెము చక్కెరపాకము చేర్చుట వాడుక. పందొమ్మిదవ శతాబ్దమున రష్యావారికి పంపునది మిఠాయివలె తియ్యగనుండెను. నేటి రైతులలో పలువురు చక్కెర చాల తగ్గించుచున్నారు, కొందఱు బొత్తిగా మానుచున్నారు. తీపి తప్పును కప్పును. తీపి లేనప్పుడు పండు బాగుగ పండినదో లేదో దాచుటకు వీలులేదు. చిన్నదైనంతమాత్రమున మంచిదగునని నేననను. పచ్చిపండ్లు కోసిన చిన్నరైతు సీసా పుల్లగ, బోలుగ నుండుటయు నేను చూచితిని. అయినను ఆ తప్పు ఎవరిదో చీటీపైనే యుండును. అదియే గౌరవము.

ఆ చీటీ అడుగున సన్నని అక్షరములు రెండు కనబడును. ‘ఆర్ ఎమ్’ అని యున్న, తన తోటపండ్లతో తానే చేసిన రైతు సీసా అని అర్థము. అట్టివాడు బయటినుండి నూటికి ఐదు పాళ్లకు మించి పండ్లు కొనరాదు. ‘ఎన్ ఎమ్’ అనిన పండ్లు కొని చేయు వర్తకుడు. ‘సి ఎమ్’ అనిన సహకారసంఘము. కొనువాడు రెండక్షరములు చదివి, తన పైకము ఎవరి ఇంటికి పోవుచున్నదో తెలిసికొనవచ్చును. 1911లో పలుగులు పట్టి నడిచినవారు కోరినది ఇంతకంటె ఎక్కువేమి?

కథ సుఖాంతమైనదని చెప్పజాలను. 2015లో ఆ కొండవాలులను, భూగృహములను యునెస్కోవారు ప్రపంచవారసత్వముగ ప్రకటించిరి. కీర్తి పెరిగినకొలది భూమివెలయు పెరిగెను. నేడు అచ్చట ఒక హెక్టారు తోట సగటున పదిలక్షల యూరోల వఱకు పలుకుచున్నది. తండ్రి మరణించినపుడు వారసత్వపు పన్ను కట్టలేక, తోబుట్టువుల భాగములు కొనలేక, తోటలమ్ముకొను కుటుంబములు గలవు. తిండికి చాలని నేలను కాపాడుకొనుట యెంత కష్టమో, బంగారమైన నేలను కాపాడుకొనుటయు అంతే కష్టము.

ఈ పరదేశపు కథతో మనకు పొత్తు లేకపోలేదు. ఊరిపేరు ఆ ఊరి కష్టజీవుల సొత్తు అను నియమము షాంపేను వంటి సీమలలో రక్తము చిందించి పుట్టి, 1994లో ప్రపంచవాణిజ్య ఒడంబడికలో చేరెను. దానిననుసరించి 1999లో మన పార్లమెంటు భౌగోళిక గుర్తుల శాసనమును చేసినది. పోచంపల్లి ఇక్కతు చీరలకు, గుంటూరు సన్నమిరపకు, బనగానపల్లె మామిడికి ఆ శాసనము క్రింద రక్షణ లభించినది. కాని షాంపేను సీమ నేర్పిన రెండవ పాఠము మఱువరాదు. పేరును శాసనము కాపాడును. ఆ పేరువలన వచ్చు లాభము రైతు గడపకు, నేతగాని మగ్గమునకు చేరవలెనన్న, వారు కూడి నిలువవలెను, కూడి అమ్మవలెను, తమ చేతిపనిపై తమ పేరు తాము వ్రాసికొనవలెను. అచ్చటి ఐదెకరముల రైతులకు ఇది తెలిసి ఆచరణకు వచ్చుటకు మూడు తరములు పట్టెను. మన ఊళ్లలో అంతకాలము పట్టకుండుగాక.